మావారిని క్షమించాల్సింది నేనేనా?

మేం చెక్ దేశంలోని బ్రనోలో ఉంటాం. పెళ్లై తొమ్మిదేళ్లు, ఆరేళ్ల బాబు. రెండు నెలల కింద ఓ శనివారం రాత్రి ‘లీబాంకీ’ అనే చెక్ సినిమా చూశాం. అయిపోగానే మావారు లేచెళ్లి బాల్కనీలో నిలబడ్డారు. తెల్లవారుజామున చెప్పారు. 2003లో ఆంధ్రాలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు, హాస్టల్లో తనూ ఇంకో నలుగురూ కలిసి ఒక జూనియర్‌ని మూడు నెలలు ఏడిపించారట. పల్లెటూరి కుర్రాడు. వాళ్లమ్మ రాసిన ఇన్‌లాండ్ లెటర్లు లాక్కుని, అతన్ని టేబుల్ ఎక్కించి, ఆవిడ యాసలోనే పైకి చదివి అందర్నీ నవ్వించింది మావారేనట. సంక్రాంతి సెలవులకి ట్రంకుపెట్టెతో వెళ్లిన కుర్రాడు మళ్లీ రాలేదు. సినిమా చూసిన ఆ రాత్రి నుంచి ఈయనకి సరిగ్గా నిద్ర లేదు. ‘నువ్వైనా క్షమించానని చెప్పు’ అంటున్నారు. అతన్ని ఫేస్‌బుక్‌లో వెతికి పట్టుకున్నారు, మెసేజ్ పెడతానంటున్నారు. సినిమాలోలా ఎవరైనా మా గుమ్మంలోకి వస్తారేమోనని నాకు భయం. మావారు బాబుకి అన్నం తినిపిస్తున్నా నాకు ఆ కుర్రాడే గుర్తొస్తున్నాడు. మా అత్తగారికి చెప్పాలా? నేనేం చేయాలి?

అమ్మా, ముందు ఆ ‘నువ్వైనా’ అన్న మాట దగ్గర ఆగుదాం. చిక్కంతా అందులోనే ఉంది. అసలు మనిషి సంగతి తర్వాత, నువ్వు ఊఁ అంటే నాకు నిద్ర పడుతుంది అని అడుగుతున్నారాయన. అప్పు ఒకరి దగ్గర చేసి, చెల్లుచీటీ ఇంకొకరి చేత రాయించుకున్నట్టుంది ఇది. మీరు జాలిపడి రాసిచ్చినా ఆ చీటీ చెల్లదు. పది రోజులు నిద్రపోతారేమో, పదకొండో రోజు మళ్లీ అడుగుతారు.

కాబట్టి ‘క్షమించాను’ అనకండి. ‘క్షమించను’ అని కూడా అనకండి. ‘అది నా చేతిలో లేదు. నాకు చెప్పారు, విన్నాను. ఇన్నేళ్లు దాచినందుకు నాకు కోపంగా ఉంది, అది వేరే లెక్క’ అనండి. తొమ్మిదేళ్లు మీకు చెప్పకపోవడం ఒక్కటే మీ పద్దులోది. దాని మీద మీరు కోపగించుకోవచ్చు, కొన్నాళ్లకి వదిలేయనూవచ్చు. హాస్టల్ గదిలో జరిగింది మాత్రం ఆ కుర్రాడిది.

సినిమా చూడనివాళ్ల కోసం రెండు మాటలు. లీబాంకీ అంటే హనీమూన్. దర్శకుడు యాన్ హ్రెబేయ్క్. 2013లో చెక్ దేశంలోనే ‘కార్లొవి వారి’ అనే ఊళ్లో జరిగిన చిత్రోత్సవంలో దీనికే ఆయనకి ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. పెళ్లింటి పిల్లాడి కళ్లజోడు విరిగితే బాగుచేయించడానికి ఓ షాపుకెళ్తారు. షాపతను పెళ్లికొడుకుని గుర్తుపట్టి, పిలవని పేరంటంగా పెళ్లికి దిగబడతాడు. బడి రోజుల్లో ఆ పెళ్లికొడుకు చేసిన పాపం అతనితోపాటు పెళ్లింట్లోకి వస్తుంది.

మీ భయం అక్కడ పుట్టింది, అర్థమైంది. కానీ మీ గుమ్మంలోకి ఎవరూ రాలేదమ్మా. సినిమాలో నిజాన్ని బయటివాడు మోసుకొచ్చాడు, మీ ఇంట్లో చేసినవాడే చెప్పాడు. ఇదేమీ ఆయన్ని నిర్దోషిని చేయదు. కాకపోతే ఆ పెళ్లికూతురికి లేనిది మీకు ఒకటుంది. నిదానంగా ఆలోచించుకునే వ్యవధి.

ఇక మెసేజ్ సంగతి. దయచేసి ఆపండి. చాలా ఏళ్ల కిందట నా దగ్గరికి ఒకాయన వచ్చాడు, చిన్న ఊళ్లో బట్టల షాపు. చిన్నప్పుడు తనని హింసపెట్టిన క్లాస్‌మేట్ పాతికేళ్ల తర్వాత స్వీట్ల డబ్బా పట్టుకుని షాపుకొచ్చాడట. గంటసేపు కౌంటర్ మీద తల పెట్టుకుని ఏడ్చాడట. ‘మేడమ్, నేనే వాడికి మంచినీళ్లిచ్చి, టీ తెప్పించి, పర్లేదురా అని వీపు నిమిరి పంపాను. వాడు తేలికపడి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నుంచి నాకు అన్నం సయించడం లేదు’ అన్నాడు. అప్పుడు ఏడిపించినవాడే ఇప్పుడు ఓదార్పు కూడా వసూలు చేసుకెళ్లాడు.

ఫేస్‌బుక్ మెసేజ్ కూడా అలాంటిదే. అవతలి మనిషి కూతురి హోమ్‌వర్క్ చూస్తుంటాడు, ఫోన్ మోగుతుంది, తెర మీద ఆ పేరు. ఇవతల మీవారు ‘సీన్’ అని పడిందా లేదా అని అర్ధరాత్రి దాకా చూస్తుంటారు. ఆ బ్యాచ్‌లో ఇద్దరికీ తెలిసిన నెమ్మదస్తుడు ఒకడుంటాడు. ముందు అతని ద్వారా ఒక్క మాట కనుక్కోమనండి: ఉత్తరం రాస్తే తీసుకుంటాడా? వద్దంటే అంతటితో సరి. సరేనంటే ఒకే ఉత్తరం, చేత్తో రాసింది. జవాబు రాకపోతే రెండోది రాయకూడదు.

అందులో ‘తెలిసీ తెలియని వయసు’ ఉండకూడదు. ‘అప్పట్లో అందరూ అంతే’ అసలుండకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది 1997లో. ఏడిపించి అవమానించినందుకే ఆరు నెలల దాకా జైలని అందులో ఉంది. మీవారు హాస్టల్లో చేరేనాటికే అది నేరం. ‘క్షమించు’ అని అడగడం కూడా వద్దు, అడిగితే అవతలివాడి నెత్తిన ఇంకో పని పెట్టినట్టే. ఏం చేశాడో రాయాలి, ఎవరెవరి ముందు చేశాడో రాయాలి, తప్పు తనదేనని రాయాలి, కింద చిరునామా. అంతే.

ఇదే దర్శకుడు 2009లో ‘కవాసాకి గులాబి’ అని ఇంకొకటి తీశాడు. అందరూ గౌరవించే ఓ పెద్దాయనకి సన్మానం జరగబోతుంటే, కమ్యూనిస్టుల కాలంలో రహస్య పోలీసులకి సహకరించాడని బయటపడుతుంది. ఆ దెబ్బకి దేశం విడిచిన మనిషి స్వీడన్‌లో ఉంటాడు. నాకు లీబాంకీ కంటే అదే ఎక్కువ నచ్చింది, అది వేరే విషయం. అక్కడైతే పాత ఫైళ్లున్నాయి, కాదన్నా కాగితం ఊరుకోదు. ర్యాగింగ్‌కి ఫైలేదీ? ‘నేనే ఎక్కువ ఊహించుకున్నానేమో’ అని ఆ కుర్రాడు ఇన్నేళ్లూ తన్ను తానే అనుమానించుకుని ఉండొచ్చు. జరిగింది నిజమేనని చేసినవాడి దస్తూరీలో చూసుకోవడం అతనికి ఎంతో కొంత పనికొస్తుంది. అందుకే వివరంగా రాయమంటున్నాను.

అత్తగారికి చెప్పనవసరం లేదు.

రెండు నెలలు నిద్ర లేకపోవడం మాత్రం పశ్చాత్తాపంతో సరిపెట్టుకునే సంగతి కాదు. అక్కడి డాక్టర్‌కి వెంటనే చూపించండి. మనసు విప్పి మాట్లాడ్డానికి తెలుగు కావాలంటే ఆన్‌లైన్‌లో ఇక్కడి కౌన్సెలర్లు దొరుకుతారు. బతకడం దండగన్న మాట ఎప్పుడైనా వస్తే ఆలోచించకుండా 112కి ఫోన్ చేయండి.

బాబుకి అన్నం పెడుతుంటే ఆ కుర్రాడు గుర్తొస్తున్నాడని రాశారు. రానివ్వండి. ఇన్నాళ్లూ ఆ కుర్రాణ్ని మీవారు ఒక్కరే మోశారు, ఇప్పుడు మీ ఇంట్లో ఇద్దరికి తెలుసు. చూపు తిప్పుకోవాలనిపించిన రోజు తిప్పుకోండి. బలవంతాన మామూలుగా ఉండక్కర్లేదు.

ఉత్తరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదంటారు మీవారు, చూడండి. టేబుల్ పక్కన నిలబడి అన్నిసార్లు పైకి చదివారు కదా, ఆ తల్లి ఇన్‌లాండ్ లెటర్లలో ఏం రాసేదో ఆయనకి గుర్తుండే ఉంటుంది. ముందు అది రాయమనండి.