అమెరికా ఫారంలో ట్రైనింగ్, అట్నుంచి అటే ఎంఎస్ అంటున్నారు, పంపమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి బాపట్లలో ఏజీ బీఎస్సీ ఫైనల్ ఇయర్. జే-1 వీసా (ట్రైనింగ్, ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలకి ఇచ్చేది) మీద అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో డెయిరీ ఫారంలో ట్రైనింగ్, తర్వాత అక్కడి యూనివర్సిటీలో ఒక సెమిస్టర్, మొత్తం 18 నెలలు, అట్నుంచి అటే ఎంఎస్ అని కన్సల్టెన్సీ వాళ్లు చెప్తున్నారు. ఇది మంచిదా, డైరెక్ట్‌గా ఎంఎస్‌కి పంపడం మంచిదా? (ఒక తండ్రి, తెనాలి దగ్గర)

చూడండి, ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది, ఊరి పేరు మారుతుంది అంతే. మీ అసలు భయం కోర్సు గురించి కాదు, పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాడు డాలస్ వెళ్లిపోయాడు, మనవాడు ఏఓ (అగ్రికల్చర్ ఆఫీసర్) నోటిఫికేషన్ కోసం చూస్తూ ఇంట్లో కూర్చుంటాడేమో అని. అంతేగా?

ఆ ప్రోగ్రాం దొంగదేం కాదు. మిన్నెసోటా యూనివర్సిటీలో మాస్ట్ అని 1949 నుంచి నడుస్తోంది, బయటి దేశాల అగ్రి పిల్లలు ఫారాల్లో పని నేర్చుకుని, కావాలంటే ఒక సెమిస్టర్ క్లాసుల్లో కూర్చోవచ్చు. హరిత విప్లవం నార్మన్ బోర్లాగ్ చదివింది ఆ యూనివర్సిటీలోనే. నా గొడవంతా దాన్ని మన దగ్గర అమ్మే తీరుతోనే.

జే-1లో ఆ 18 నెలలు ట్రైనీ కేటగిరీ వాళ్లకి, అంటే డిగ్రీతో పాటు కనీసం ఏడాది పని అనుభవం ఉన్నవాళ్లకి, అదీ అగ్రికల్చర్‌లో ఆరు నెలలు క్లాసులుంటేనే, లేదంటే 12 నెలలే. మీవాడు ఇంకా చదువుతున్నాడు కాబట్టి ఇంటర్న్ కిందకొస్తాడు, 12 నెలలు దాటదు. ఇది మీకు చెప్పారా? ఇక ఆ సెమిస్టర్‌తో డిగ్రీ రాదండి, నాన్-డిగ్రీ క్రెడిట్లు అంతే, ఎంఎస్‌కి మళ్లీ మొదట్నుంచి అప్లికేషన్, స్టూడెంట్ వీసా వేరే. అట్నుంచి అటే అన్న మాట కాగితం మీద రాసిమ్మనండి, ఇవ్వరు. డబ్బు కట్టేముందు డీఎస్-7002 అనే ట్రైనింగ్ ప్లాన్ చూపించమనండి, ఏ ఫారం, ఏం నేర్పుతారు, ఎంత ఇస్తారు అన్నీ అందులో ఉండాలి.

ఎంఎస్సే కావాలంటే, అగ్రిలో థీసిస్ ఎంఎస్‌కి ప్రొఫెసర్ దగ్గర ప్రాజెక్ట్ ఉంటే రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్, అంటే ఆయన పరిశోధనలో పనిచేసే అవకాశం ఇస్తారు, చాలా చోట్ల ఫీజు మాఫీ అయి నెలనెలా స్టైపెండ్ కూడా వస్తుంది. కంప్యూటర్ ఎంఎస్ లాగా పొలం తాకట్టు పెట్టక్కర్లేదు, కాకపోతే వాడే కూర్చుని ఓపిగ్గా ప్రొఫెసర్లకి మెయిల్స్ రాయాలి, యాభైలో నాలుగు జవాబులొస్తే గొప్ప. ఆ పని కన్సల్టెన్సీ చేయలేదు, మీరూ చేయకండి.

కోప్పడుతున్నాననుకోకండి, ఇంత రాశారు గానీ అందులో మీవాడి మాట ఒక్కటీ లేదు. వాడికి పశువులు ఇష్టమా, విత్తనాలా, మట్టా? మీకే తెలీదు, తెలీకుండానే అడ్వాన్స్ కట్టడానికి రెడీ అయ్యారు, ఇదేం పద్ధతండీ?

కంగారు మాత్రం పడకండి. ఏజీ డిగ్రీ పాడైపోయే సరుకు కాదు, విత్తన కంపెనీలున్నాయి, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులున్నాయి, ఇక్కడే ఎమ్మెస్సీ ఉంది, అగ్రి బిజినెస్ చదవాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మేనేజ్ అనే సంస్థ ఉంది. ఒక ఏడాది అటూ ఇటూ అయితే కొంప మునగదు.

ఈ ఆదివారం వాడు ఇంటికొస్తే అమెరికా వెళ్తావా అని అడగొద్దు, దానికి ఎవడైనా ఊ అంటాడు. మైనస్ 20 చలిలో తెల్లారి నాలుక్కి లేచి షెడ్డులోకెళ్లి ఏడాది పాటు పాలు పితుకుతావా అని అడిగి, ఏమన్నాడో నాకు రాయండి.