పోర్చుగల్ ఆర్థికంగా ఎలా కోలుకుంది? ఆ ఫలితం మామూలు జనానికి అందిందా?

చాలావరకు అందింది, ఇంటి అద్దె సంగతి పక్కన పెడితే.

2011లో ఖజానా ఖాళీ అయ్యే పరిస్థితి వచ్చి, పోర్చుగల్ యూరోపియన్ యూనియన్, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి)ల దగ్గర 7,800 కోట్ల యూరోల సాయం తీసుకుంది. బదులుగా జీతాలు, పింఛన్లలో కోత పెట్టి పన్నులు పెంచింది. 2013 మొదట్లో నిరుద్యోగం 17 శాతం దాటింది. చదువుకున్న కుర్రాళ్లు పొట్ట చేతపట్టుకుని వేరే దేశాలకు వెళ్లిపోయారు. ఆ సాయం కార్యక్రమం 2014లో ముగిసింది.

2015 చివర్లో వచ్చిన ప్రధాని ఆంటోనియో కోస్టా ప్రభుత్వం కోతలను మెల్లమెల్లగా ఎత్తేసింది. 505 యూరోలున్న నెలసరి కనీస వేతనం 2019కి 600 అయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో రాజధాని లిస్బన్ మహానగర ప్రాంతమంతటా బస్సు, మెట్రో, లోకల్ రైలు, ఫెర్రీ అన్నిటికీ కలిపి 40 యూరోల నెల పాస్ పెట్టారు. దూరపు శివార్ల నుంచి వచ్చేవాళ్లలో కొందరికి అంతకుముందు వంద యూరోలు దాటేది. నన్నడిగితే జీతం పెంపు కంటే ఇదే తెలివైన పని.

ఇంత చేసినా 2019లో బడ్జెట్ మిగులులోకి వచ్చింది, 1974 తర్వాత మొదటిసారి! అయితే ఘనతంతా కోస్టాదే అనలేం. టూరిస్టులు పోటెత్తారు, వడ్డీలు తక్కువగా ఉన్నాయి, ప్రభుత్వ పెట్టుబడుల విషయంలో మాత్రం పిసినారితనం చూపించారు.

ఆ టూరిజమే ఇళ్ల ధరలనూ పెంచింది. 2024లో కనీస వేతనం 820 యూరోలు. లిస్బన్‌లో సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అద్దెకు కూడా అది చాలేది కాదు.