కల్లు తప్ప ఏమీ ముట్టలేదు, యూరిన్ టెస్టులో మత్తుమందు ఎలా వచ్చింది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు. మాది కామారెడ్డి జిల్లాలో పల్లె, లారీ డ్రైవర్‌ని. ఒక కంపెనీలో డ్రైవర్ ఉద్యోగానికి మెడికల్ చేస్తే యూరిన్‌లో 'బెంజోడయాజెపీన్ పాజిటివ్' అని వచ్చింది. గంజాయి గానీ, మత్తు గోలీలు గానీ నేనెప్పుడూ ముట్టలేదు. ఏడెనిమిదేళ్లుగా రోజూ సాయంత్రం ఊళ్లో కల్లు తాగుతా, అంతే. పదిహేను రోజుల తర్వాత మళ్లీ టెస్టుకు రమ్మన్నారు. కిట్ తప్పు చూపించి ఉంటుందా? ఎన్ని రోజులు మానేస్తే నెగెటివ్ వస్తుంది? నీళ్లు, నిమ్మరసం బాగా తాగితే కడుక్కుపోతుందని దోస్తులు అంటున్నారు. మొన్నటి నుంచి కల్లు పూర్తిగా బంద్ చేశాను, అమ్మతో కూడా మాన్పించాను. నిద్ర పడతలేదు, చేతులు వణుకుతున్నాయి. మెడికల్ షాపులో నిద్ర గోలీ తీసుకోవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ చేతుల వణుకు సంగతి చూడాలి. ఇది చదవగానే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి, రేపటి దాకా ఆగొద్దు. బండి మీరు నడపకండి, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. మిమ్మల్ని చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసినదంతా మత్తుమందు ఒక్కసారిగా ఆపినప్పుడు వచ్చే లక్షణాల్లాగే ఉంది. దీనికి చెమటలు, గుండెదడ తోడైనా, లేని మనుషులు కనిపించినా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయాల్సిందే.

గోలీలు ముట్టలేదన్న మీ మాట నేను నమ్ముతున్నాను. మీరు గోలీగా మింగలేదు, సీసాలో తాగారు. బెంజోడయాజెపీన్ అంటే నిద్రకు, ఆందోళనకు వాడే ఒక రకం మత్తుమందులు. చెట్టు నుంచి దించిన తాటికల్లులో, ఈతకల్లులో అవి ఉండవు. మన తెలంగాణ జిల్లాల్లో మందు కల్లు అని అందరికీ తెలిసే అమ్ముతున్న సరుకులో అల్ప్రాజోలాం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతున్నారని దాడులు జరిగిన ప్రతిసారీ బయటపడుతూనే ఉంది. మొదటి రెండూ బెంజోడయాజెపీన్లే, మూడోది వేరే రకం మత్తుమందు. ఏ రోజు ఎంత కలిపారో అమ్మేవాడికే సరిగ్గా తెలియదు, తాగేవాడికి అసలే తెలియదు. ఏళ్ల తరబడి రోజూ లోపలికి వెళ్తుంటే మెదడు దానికి అలవాటు పడిపోతుంది, అందుకే ఒక్కసారిగా ఆపితే ఎదురు తిరుగుతుంది. అల్ప్రాజోలాం ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే వణుకు మొదలవుతుంది. డయాజెపామ్ నెమ్మదిగా పోతుంది, అది ఎక్కువగా కలిసిన కల్లు అయితే అసలు కష్టం వారానికి గానీ బయటపడకపోవచ్చు. అందుకే మూడు రోజులు ఓర్చుకుంటే గండం గడిచినట్టే అని ధీమాగా ఉండొద్దు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా తగ్గినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతమంది ఫిట్స్‌తో, మతి చెదిరి ఆసుపత్రులకు వచ్చారో మీ ఊళ్లో పెద్దవాళ్లను అడిగినా చెప్తారు. అందులో ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు.

మానేయడం మంచిదే, మానాలి కూడా. కానీ డాక్టర్ చూస్తుండగా మానాలి. మామూలుగా కొలత తెలిసిన మందు ఇచ్చి, దాన్ని వారాల మీద మెల్లగా తగ్గిస్తూ వస్తాం. ఎంత మందు, ఎన్నాళ్లు అనేది ఇక్కడ రాయను. రాస్తే చదివినవాళ్లు తమకూ అదే డోస్ అనుకుంటారు.

ఇక టెస్టు. కంపెనీ మెడికల్‌లో చేసేది చాలావరకు స్ట్రిప్ టెస్ట్. దాని మీద కంట్రోల్ గీత ఒకటి, మందు తాలూకు గీత ఒకటి ఉంటాయి. మూత్రంలో మందు లేకపోతే రెండో గీత కనిపిస్తుంది, ఉంటే ఆ గీత రాదు. ప్రెగ్నెన్సీ కార్డుకు ఇది పూర్తిగా తిరగేసి. రెండో గీత లేతగా వచ్చినా నెగెటివ్ కిందే లెక్క, దాన్ని పాజిటివ్ అని రాసేసే చోట్లు ఉన్నాయి కాబట్టి మీ స్ట్రిప్ ఎవరు చూశారో, ఫొటో ఉందో లేదో అడగండి. బెంజోడయాజెపీన్లకు (బెంజోలకు) చాలా కిట్లలో కటాఫ్ మిల్లీలీటరుకు 300 నానోగ్రాములు, కొన్నిట్లో 200. అంతకంటే తక్కువ ఉంటే 'లేదు' అనే చూపిస్తుంది. పైగా ఈ స్ట్రిప్ మందును నేరుగా గుర్తుపట్టదు, మందు ఆకారంలో ఉన్నదాన్ని పట్టుకునే యాంటీబాడీ మీద ఆధారపడుతుంది. అందుకే డిప్రెషన్‌కు వాడే సెర్ట్రలీన్, హెచ్‌ఐవీకి వాడే ఎఫావిరెంజ్ లాంటి మందులతో తప్పుడు పాజిటివ్ రావొచ్చు. మరోవైపు లొరాజెపామ్, క్లోనజెపామ్ వాడినా కొన్ని కిట్లు పట్టుకోలేవు. క్లోరల్ హైడ్రేట్‌ను ఈ బెంజో స్ట్రిప్ అస్సలు చూడదు. దానికి పిరిడిన్, సోడియం హైడ్రాక్సైడ్ కలిపి వేడిచేస్తే ఎర్రగా మారే పాత రంగు పరీక్ష ఉంది, తర్వాత యంత్రంతో నిర్ధారించుకుంటారు.

కాబట్టి కిట్ తప్పా అన్న మీ అనుమానం అర్థం లేనిదేమీ కాదు, అడగాల్సిందే. స్ట్రిప్ పాజిటివ్ ఒక్కదాన్ని పట్టుకుని ఉద్యోగం ఇవ్వననడం సరికాదు, జీసీ-ఎంఎస్ గానీ ఎల్‌సీ-ఎంఎస్ గానీ, అంటే ల్యాబ్‌లో యంత్రంతో చేసే కన్ఫర్మేషన్ టెస్టు చేయించమని రాతపూర్వకంగా అడగండి. అందులో శాంపిల్‌లోని పదార్థాలను ముందు ఒకదాన్నుంచి ఒకటి విడదీస్తారు, ఏది ఎంతసేపటికి బయటికొచ్చిందో చూస్తారు, తర్వాత అణువును ముక్కలు చేసి ఆ ముక్కల బరువులు కొలుస్తారు. బయటికొచ్చే సమయం, ముక్కల బరువులు రెండూ కలిస్తేనే ఫలానా మందు అంటారు. ఎంత ఉందో తేల్చడానికి అదే మందులో బరువు కాస్త మార్చిన రూపాన్ని తెలిసిన మోతాదులో ముందే శాంపిల్‌లో కలిపి, దానితో పోల్చి లెక్క కడతారు. అల్ప్రాజోలాం తీసుకున్నవాళ్ల మూత్రంలో అది లివర్‌లో మారగా వచ్చే హైడ్రాక్సీ రూపం కోసం కూడా వెతుకుతారు. కానీ ఆ అంకె చూసి మీరు ఎన్ని సీసాలు తాగారో, ఆ రోజు మత్తులో బండి నడిపారో లేదో ఎవరూ చెప్పలేరు.

నాకు తెలిసినంతలో మీ విషయంలో ఆ టెస్టు కూడా పాజిటివ్ అనే వచ్చే అవకాశం ఎక్కువ, ముందే చెప్తున్నా.

నీళ్లు, నిమ్మరసం మాట వదిలేయండి. నిమ్మరసంతో ఏ మందూ కడుక్కుపోదు. లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే మూత్రం పలచబడుతుంది, మూత్రంలో మామూలుగా ఉండే క్రియాటినిన్ అనే వ్యర్థం ల్యాబ్‌లో డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే నీళ్లు కలిసిన శాంపిల్ అని పట్టేస్తారు, మళ్లీ ఇమ్మంటారు. అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి, దానివల్ల కూడా ఫిట్స్ రావొచ్చు. అసలే మీకు ఫిట్స్ ముప్పు ఉంది. ఎన్ని రోజుల్లో నెగెటివ్ అంటే, అప్పుడప్పుడు తీసుకున్నవాళ్లకు కొద్ది రోజులు, ఏళ్ల తరబడి రోజూ తీసుకున్నవాళ్లకు, ముఖ్యంగా డయాజెపామ్ అయితే, వారాలు పట్టొచ్చు. తేదీ లెక్కపెట్టుకుని మానడం వద్దని అందుకే అంటున్నా.

మెడికల్ షాపు గోలీ మాట చదివి మాత్రం కోపమొచ్చింది. అల్ప్రాజోలాం, డయాజెపామ్ షెడ్యూల్ హెచ్1 మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు, మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలోనూ ఉన్నాయి. తెలిసిన షాపతను ఇస్తాడు, నాకు తెలుసు. మొదట రెండు గోలీలకు నిద్ర పడుతుంది, వారం తిరిగేసరికి నాలుగు కావాలి, మధ్యలో మళ్లీ కల్లు తాగితే రెండూ కలిసి ఊపిరి ఆగిపోవచ్చు. ఇలా వచ్చినవాళ్లను చూస్తూనే ఉన్నాం. దయచేసి ఆ పని చేయకండి.

ఇంకో మాట. పద్ధతిగా మాన్పించడానికి మేమిచ్చే మందు కూడా తరచుగా బెంజోడయాజెపీనే ఉంటుంది. అంటే పదిహేను రోజుల తర్వాత టెస్టులో మళ్లీ పాజిటివ్ రావొచ్చు. టెస్టుకు ముందే కంపెనీ డాక్టర్‌కు చికిత్సలో ఉన్నానని చెప్పి, చీటీ చూపించి గడువు అడగండి. ఒప్పుకుంటారో లేదో నా చేతిలో లేదు. ఆ మందు మీద ఉన్నన్నాళ్లు మీరు లారీ ఎక్కకూడదు కూడా, కష్టమే, తెలుసు. మానడానికి సాయం కావాలంటే 14446, మనసు కుదుట లేకపోతే టెలి మానస్ 14416, రెండూ ఉచితమే.

మీ అమ్మగారి గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆవిడ వయసెంత, బీపీ, షుగర్ ఉన్నాయా, ఎన్నేళ్లుగా తాగుతున్నారు? పెద్ద వయసులో వణుకు బయటికి కనిపించకుండానే మాట తడబడటం, రాత్రి లేచి తిరగడం, పడిపోయి తుంటి విరగడం జరుగుతాయి, ఇంట్లోవాళ్లు వయసు మీదపడింది అనుకుంటారు. మీరు ఒక్కసారిగా మాన్పించారు కాబట్టి ఆవిడనూ ఇవాళే మీతో పాటు తీసుకెళ్లండి, వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఇద్దరూ కల్లే తాగామని డాక్టర్‌కు దాచకుండా చెప్పండి, రోజుకు ఎన్ని సీసాలో కూడా.