గేముల్లోని రాజుల గురించి నోట్సు రాసే పాపకు ఏ చదువు?

ప్రశ్న: మాది తిరుపతి. మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. రాత్రిళ్ళు కంప్యూటర్లో కత్తులు, రాక్షసులు ఉండే గేములు ఆడుతుంది. అంతటితో ఆగదు. ఆ గేములో ఏ రాజు ఎందుకు ఓడాడు, ఏ దేవుడి పూజను ఎవరు ఆపించారు అని నోటుబుక్కులో పేజీలకు పేజీలు రాస్తుంది. గేములకు కథలు రాసే ఉద్యోగమే చేస్తానంటోంది. నిజంగా అలాంటి ఉద్యోగం ఉందా? ఇంజినీరింగు వద్దంటుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉంది. అయితే తక్కువ. ఆ లెక్క చెప్పేముందు నోటుబుక్కు సంగతి మాట్లాడుకుందాం.

డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటి వాటితో దీన్ని కలపకండి. వాటిని 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. మీ పాప ఆడేవి రోల్ ప్లేయింగ్ గేములు, ఆర్పీజీలు అంటారు. ఆడేవాళ్ళు ఒక పాత్రలోకి దిగి, ఎవరి పక్షాన నిలబడాలో తామే తేల్చుకుంటూ కథ నడుపుతారు. ఆమె రాసుకున్నదాన్ని బట్టి చూస్తే 2011లో వచ్చిన స్కైరిమ్ అనే గేము కావచ్చు. అందులో యుద్ధంలో చితికిపోయిన సామ్రాజ్యం ఎల్ఫులనే వేరే జాతివాళ్ళతో సంధి చేసుకుంటుంది. టాలోస్ పూజ మానేయాలన్నది ఆ సంధిలో ఒక షరతు. టాలోస్ అంటే ఒకప్పుడు ఆ సామ్రాజ్యాన్ని కట్టిన మనిషే, తరవాత దేవుడయ్యాడు. దాంతో ఆ సామ్రాజ్యపు ఉత్తర భాగంలో కొందరు తిరగబడతారు. వీళ్ళది న్యాయమే కదా అనిపిస్తుంది. కానీ వాళ్ళ పట్నంలోకి వెళ్తే, బతకడానికి వచ్చిన వేరే జాతివాళ్ళు ఒక మూల మురికివాడలో పడి ఉంటారు. సామ్రాజ్యమేమో అన్ని జాతులనూ కలుపుకుంటుంది, టాలోస్ పూజ చేసినవాళ్ళను ఎల్ఫులు పట్టుకుపోతుంటే మాత్రం చూస్తూ ఊరుకుంటుంది. పదహారేళ్ళ పిల్ల ఈ రెండింటి మధ్య తేల్చుకోలేక నోట్సు రాసుకుంటోందంటే, రాజనీతి శాస్త్రం చదువుతున్నట్టే. మార్కులు రావు, అంతే.

2024లో జపాన్ వాళ్ళు తెచ్చిన మెటాఫర్: రీఫాంటాజియో అనే గేములో రాజు హత్యకు గురవుతాడు. జనం ఎవరిని ఎక్కువగా నమ్మితే సింహాసనం వాళ్ళది. అంటే ఓట్ల పోటీయే. ఇంట్లో ఎన్నికల గురించి వాదించుకునే మనకు అందులో కొత్తగా చెప్పాల్సింది పెద్దగా ఉండదు.

పురాణాల విషయంలో మాత్రం నాకు కొంచెం పట్టింపు ఉంది. 1980లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆర్పీజీ వాళ్ళు దేవుళ్ళ పుస్తకం ఒకటి వేసి, మన దేవుళ్ళకు కూడా ఎన్ని దెబ్బలు తగిలితే పడిపోతారో అంకెలు ఇచ్చారు. ఫైనల్ ఫాంటసీ అనే గేముల్లో శివ అంటే మంచు కురిపించే ఆడదేవత. పేరు తీసుకుని కథ వదిలేశారు. దీనికి భిన్నంగా పోలండులో సీడీ ప్రాజెక్ట్ రెడ్ వాళ్ళు 2015లో విచర్ 3లో తమ పల్లెల దయ్యాల కథలనే ప్రపంచం చేత ఆడించారు. చైనా వాళ్ళు 2024లో తమ వానరరాజు కథతో బ్లాక్ మిత్: వుకాంగ్ తెచ్చారు. మన దేశంలో పుణే స్టూడియో ఒకటి 2020లో తెచ్చిన ‘రాజీ’ అనే గేము పెద్దదేమీ కాదు. కానీ ఒక సంగతి తెలివిగా చేశారు: దేవుణ్ణి మన చేతికి ఇవ్వలేదు. తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోయే ఒక అమ్మాయిని ఇచ్చారు. దుర్గ ఆమెకు త్రిశూలం ఇస్తుంది, విష్ణువు విల్లు ఇస్తాడు. కొండ కింద ఊళ్ళో ఉండి గేము రాయాలనుకునే మీ పాప ఈ పద్ధతి గమనించాలి. భక్తుల మనసు నొచ్చుకోకుండా కథ చెప్పడం కూడా ఈ పనిలో భాగమే.

ఇక కథలా? మీ ఇంటి దగ్గరే ఉన్నాయి. తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడండి. ఆడవాళ్ళను చెరపట్టే పాలెగాడు దాక్కుంటే, వాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మవారు రోజుకో వేషం మారుస్తుంది. చివరికి దొర వేషం చూసి వాడు బయటికొస్తాడు, తల తెగుతుంది. ఆ తరవాత మాతంగి వేషంలో వెళ్ళి వాడి పెళ్ళాన్ని ఓదారుస్తుందని చెబుతారు. చెడ్డవాణ్ణి చంపాక వాడి ఇంటికి వెళ్ళి భార్యతో మాట్లాడాల్సిన ఘట్టం! ఇలాంటిది పెట్టగలిగితే ఏ స్టూడియో అయినా మురిసిపోతుంది. చంద్రగిరి తీసుకోండి. అక్కడ పాలన చూసిన సాళువ నరసింహుడు 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. చేతకాని రాజును తప్పించి రాజ్యాన్ని నిలబెట్టాడా, నమ్మిన రాజవంశానికి ద్రోహం చేశాడా? ఆడేవాళ్ళు తేల్చుకోవాల్సిన ప్రశ్న అంటే ఇదే. ధర్మరాజుల గుళ్ళ దగ్గర జరిగే భారతం ఉత్సవాల్లో అర్జునుడు తపస్సు మాను ఎక్కుతుంటే, దుర్యోధన వధ జరుగుతుంటే ఈసారి పాపను నోటుబుక్కుతో తీసుకెళ్ళండి.

ఇప్పుడు ఉద్యోగం. ఈ పని చేసేవాళ్ళను నేరేటివ్ డిజైనర్, క్వెస్ట్ డిజైనర్ అంటారు. కథ రాయడం ఇందులో సగమే. ఆడేవాళ్ళు అడ్డం తిరిగితే కథ ఎటు పోతుందో, ఏ మాట ఎప్పుడు వినిపించాలో అమర్చడం మిగతా సగం. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, పుణేలో ఉబిసాఫ్ట్, బెంగళూరులో రాక్‌స్టార్ స్టూడియోలు ఉన్నాయి. కానీ అక్కడ ఎక్కువమందిని తీసుకునేది ప్రోగ్రామింగ్, ఆర్ట్, టెస్టింగ్ పనులకు. కేవలం కథకే నేరుగా ఉద్యోగం దొరకడం కష్టం. అందుకని చేతిలో ఇంకో పని ఉండాలి.

ఎంపీసీ ఎలాగూ ఉంది కాబట్టి కంప్యూటర్ సైన్సు వదలొద్దనే నా సలహా. అలాగే డిజైన్ దారి కూడా తెరిచి పెట్టుకోమనండి. ఐఐటీ హైదరాబాదులో బీడిజైన్ అనే డిజైన్ డిగ్రీలో చేరాలంటే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో బొమ్మలు గీసే భాగం ఉంటుంది, ఇప్పటినుంచే చెయ్యి తిరగాలి. ఇంజినీరింగు అయ్యాక కూడా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) బెంగళూరులో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎండిజైన్ అనే పీజీకి వెళ్ళొచ్చు. ప్రవేశ పరీక్ష ఉంటుంది. లక్షలు కట్టించుకుని ప్లేస్‌మెంట్ గ్యారంటీ అనే గేమింగ్ డిప్లొమాలకు ఇంటర్ అవగానే పంపకండి. అక్కడ చదివి బయటికొచ్చిన పిల్లలు చేసిన గేము ఒకటి ఆడి చూపించమనండి, సంగతి తెలిసిపోతుంది.

పాపకు ఒక మాట చెప్పండి. గేములు బాగా ఆడటం వేరు, చేయడం వేరు. ట్వైన్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కోడింగు రాకపోయినా మలుపుల కథ కట్టొచ్చు. వేసవి సెలవుల్లో గంగమ్మ కథనో, చంద్రగిరి కథనో తీసుకుని, ఇరవై నిమిషాల్లో ఆడగలిగేది తెలుగులో చేయమనండి. అది మీరే మొదట ఆడండి. ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ ఏం ఎంచుకోవాలో తెలియక ఆగిపోయారో మొహమాటం లేకుండా చెప్పండి. అది విని మళ్ళీ రాయడానికి కూర్చుంటే ఈ దారిలో పంపొచ్చు. అలిగి వదిలేస్తే ఇది ఆడుకునే సరదా అనుకుని, ఈఏపీసెట్ మీద దృష్టి పెట్టమనండి. ఈలోగా రాత్రి పది తరవాత కంప్యూటర్ కట్టేయడం మీ పని, నోటుబుక్కు మాత్రం తన దగ్గరే ఉండనివ్వండి.