నియోవిమ్ 0.11కి మారాక లైను చివర ఎర్రర్ మెసేజ్ రావడం లేదా? సెట్టింగ్ ఇదీ

నియోవిమ్ అనే కోడ్ ఎడిటర్‌ని 0.11కి అప్‌గ్రేడ్ చేశాక లైను చివర ఎర్రర్ మెసేజ్ పోయిందనీ, ఎడమ అంచున గుర్తు, తప్పున్న పదం కింద గీత మాత్రం వస్తున్నాయనీ రాశారు. ఆ రెండూ వస్తున్నాయంటే లాంగ్వేజ్ సర్వర్ బాగానే ఉంది. కాబట్టి దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసే పని పెట్టుకోకండి. తప్పులు పట్టుకోవడం సర్వర్ వంతు, వాటిని ఎలా చూపించాలన్నది ఎడిటర్ వంతు. మారింది ఆ రెండోదే.

2025 మార్చిలో వచ్చిన 0.11లో వర్చువల్ టెక్స్ట్‌ని, అంటే లైను చివర కనిపించే ఆ మెసేజ్‌ని, డిఫాల్ట్‌గా ఆపేశారు. ఇంతకుముందు వద్దనుకున్నవాళ్లు ఆపుకునేవారు, ఇప్పుడు కావాలనుకున్నవాళ్లు పెట్టుకోవాలి. నియోవిమ్ సెట్టింగుల ఫైలైన ఇనిట్.లువాలో విమ్.డయాగ్నస్టిక్.కాన్ఫిగ్ ఫంక్షన్‌ని పిలిచి, దానికిచ్చే టేబుల్లో (సెట్టింగుల జాబితాలో) వర్చువల్_టెక్స్ట్ విలువ ట్రూ అని రాయండి. మీరు అడిగింది ఇంతటితో తీరిపోతుంది.

అయితే నేను ఉత్త ట్రూతో ఆగను, మీరూ ఆగొద్దనే చెప్తాను. సర్వర్ పంపే ప్రతి సందేశానికీ ఒక తీవ్రత ఉంటుంది: ఎర్రర్, వార్నింగ్, ఇన్ఫర్మేషన్, హింట్. ట్రూ అంటే నాలుగూ వచ్చిపడతాయి. పాత ప్రాజెక్టు తెరిస్తే ప్రతి రెండో లైను చివరా ఏదో ఒక హింట్ వేలాడుతుంది, వాటి మధ్య నిజంగా బిల్డ్‌ని ఆపుతున్న ఒక్క ఎర్రర్ కంటికి ఆనదు. అందుకే నేను ట్రూ బదులు ఇంకో టేబుల్ ఇచ్చి, అందులో సెవెరిటీ కింద ఎర్రర్ ఒక్కటే పెట్టాను. వార్నింగులు ఎక్కడికీ పోవు, అంచున గుర్తులుగా ఉంటాయి, తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు. వార్నింగులు కూడా లైను చివరే కావాలంటే మాత్రం సెవెరిటీ_సార్ట్‌ని కూడా ట్రూ చేయండి. ఒకే లైనులో రెండు మూడు సమస్యలుంటే అక్కడ పట్టేది ఒక మెసేజే, అది అన్నిటికన్నా తీవ్రమైనది అయి ఉండాలి కదా.

ఇక పొడుగు మెసేజ్‌ల సంగతి. రస్ట్ భాషలో మెమరీ వాడకాన్ని తనిఖీ చేసే బారో చెకర్ ఇచ్చేవి, టైప్‌స్క్రిప్ట్ టైపుల గొడవ ఇలాంటివి కిటికీ అంచు దగ్గర తెగిపోతాయి, అసలు విషయం ఆ తెగిన భాగంలోనే ఉంటుంది! దీనికి 0.11లోనే వర్చువల్_లైన్స్ వచ్చింది. మెసేజ్‌ని కోడ్ లైను కింద విడిగా పరుస్తుంది. దానికి కరెంట్_లైన్ = ట్రూ ఇస్తే కర్సర్ ఉన్న లైనుకే చూపిస్తుంది. చదవడానికి హాయిగా ఉంటుంది కానీ కర్సర్ కదిలినప్పుడల్లా కింది కోడ్ పైకీ కిందికీ జరుగుతుంది, నాకది పడలేదు. అందుకని దాన్ని ఒక కీకి కట్టి, అవసరమైనప్పుడే తెరుస్తాను. అంత కూడా వద్దనుకుంటే కంట్రోల్ డబ్ల్యూ, తర్వాత డి నొక్కండి, పూర్తి మెసేజ్ చిన్న కిటికీలో వస్తుంది. ఏ సెట్టింగూ అక్కర్లేదు.

టైప్ చేస్తుండగా మెసేజ్ మారలేదని కంగారు పడకండి. అప్‌డేట్_ఇన్_ఇన్సర్ట్ డిఫాల్ట్‌గా ఫాల్స్, కాబట్టి ఇన్సర్ట్ మోడ్ (టైప్ చేసే మోడ్) నుంచి బయటికొచ్చాకే తాజా సంగతి కనిపిస్తుంది. దాన్ని అలాగే ఉంచమంటాను. సగం రాసిన వాక్యానికి ఎర్రర్ చూపించి ప్రయోజనం ఏముంది? రస్ట్‌లో ఇంకో మెలిక ఉంది: దాని లాంగ్వేజ్ సర్వర్ రస్ట్ ఎనలైజర్ కొన్ని తప్పుల్ని వెంటనే చెప్తుంది కానీ, కార్గో చెక్ (కోడ్‌ని కంపైలర్‌తో తనిఖీ చేయించే కమాండ్) నుంచి రావాల్సినవి మామూలుగా ఫైల్ సేవ్ చేశాకే వస్తాయి.

ఇవన్నీ పెట్టినా ఏమీ కనిపించకపోతే మీ కాన్ఫిగ్‌లో ఇంకెక్కడో, బహుశా ఏదో ప్లగిన్లో, అదే విమ్.డయాగ్నస్టిక్.కాన్ఫిగ్ ఫంక్షన్‌ని తర్వాత పిలుస్తున్నారేమో చూడండి. ఒకే సెట్టింగుకి చివర ఇచ్చిన విలువే నిలుస్తుంది. కమాండ్ లైనులో లువా ద్వారా ఆ ఫంక్షన్‌ని ఏమీ ఇవ్వకుండా పిలిచి ఫలితం ప్రింట్ చేయించండి. ఇప్పుడు అమల్లో ఉన్న విలువలు బయటపడతాయి. అక్కడ వర్చువల్_టెక్స్ట్ ఫాల్స్ అని ఉంటే ఆ పేరుతో మీ కాన్ఫిగ్ ఫోల్డరంతా వెతకండి.