2392 అని వచ్చిందని అమ్మాయిని ఆపేయకండి

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. మా అమ్మాయి ఒంగోలులో బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసింది, 21 ఏళ్లు. సిస్టమ్ సపోర్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే 18 అంకెల నంబరు ఇచ్చి, ఉద్యోగి చివరిసారి ఏ రోజు లాగిన్ అయ్యాడో తేదీ వచ్చేలా ప్రోగ్రాం రాయమన్నారట. ఈమెకి 2392వ సంవత్సరం వచ్చింది. అక్కడున్నవాళ్లు నవ్వారట. అప్పటి నుంచి ల్యాప్‌టాప్ ముట్టుకోవడం లేదు. బ్యాంకు కోచింగ్‌లో చేర్పించమంటారా?

జవాబు: నవ్వడం తప్పండీ. ఆ పని తెలిసినవాళ్లయితే 2392 చూడగానే అమ్మాయి ఎక్కడిదాకా వచ్చి ఆగిందో వాళ్లకి అర్థమయ్యేది.

మీరు పంచాంగం చూస్తారు కాబట్టి అందులోంచే చెప్తాను. 2024 ఉగాది పంచాంగంలో శాలివాహన శకం 1946 అని ఉంటుంది. దానికి 78 కలిపితేనే మన క్యాలెండర్ సంవత్సరం. శకం ఏదో తెలియకుండా అంకె ఒక్కటే పట్టుకుంటే ఎంత చదువుకున్నవాళ్లయినా తప్పే చెప్తారు. కంప్యూటర్లకీ ఇలాంటి శకాలున్నాయి. ఆఫీసుల్లో ఉద్యోగుల లాగిన్లు, పాస్‌వర్డ్‌ల లెక్క చూసే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ 1601 జనవరి 1 నుంచి లెక్కపెడుతుంది. అదీ సెకన్లలో కాదు, సెకనులో కోటో వంతు చొప్పున. అందుకే అంత పొడుగు నంబరు. కాలేజీలో పిల్లలకి అలవాటైన యూనిక్స్ (ఇంకో రకం కంప్యూటర్ వ్యవస్థ) లెక్కేమో 1970 జనవరి 1న మొదలవుతుంది.

మీ అమ్మాయి ఆ నంబరుని కోటితో భాగించి సెకన్లు రాబట్టింది. అది సరైన పనే. వాటిని 1601కి కలపాల్సింది 1970కి కలిపింది. ఈ రెంటి మధ్య తేడా 1,164 కోట్ల 44 లక్షల 73 వేల 600 సెకన్లు. ముందుగా అది తీసేసి ఉంటే జవాబు వచ్చేసేది. ఎవరో ఒకరు చెప్పాల్సిన ఒక్క సమాచారం అందలేదు, అంతే. దీన్ని బట్టి ప్రోగ్రామింగ్ రాదని తేల్చేస్తే నేను ఒప్పుకోను.

బ్యాంకు పరీక్షలంటారా, ఐబీపీఎస్ క్లర్క్‌కి 28 ఏళ్ల దాకా, పీఓకి 30 దాకా వయసుంది. ఆమెకి ఇష్టమైతే రాయనివ్వండి. ఒక్క ఇంటర్వ్యూ దెబ్బకి భయపడి మాత్రం అటు మళ్లించకండి. ఆరు నెలలు టైమివ్వండి. విండోస్ సర్వర్‌ని 180 రోజులు ఉచితంగా వాడుకునే ట్రయల్ ఉంది. ఉన్న ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది) పెట్టుకుని, పది మంది ఉత్తుత్తి ఉద్యోగులకి అకౌంట్లు తయారుచేసి ప్రాక్టీస్ చేయొచ్చు. వేలకు వేలు కోచింగ్ ఫీజు కట్టక్కర్లేదు.

ఇక అమ్మాయితో రెండు మాటలు. అమ్మా, ఆ మార్పిడికి డాట్‌నెట్‌లో ఫ్రమ్‌ఫైల్‌టైమ్ అని రెడీమేడ్ ఫంక్షనే ఉంది, పవర్‌షెల్‌లోనూ అదే పనిచేస్తుంది. పైథాన్‌లో అయితే 1601 జనవరి 1కి టైమ్‌డెల్టా కలుపు. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. అకౌంట్ గడువు తేదీ దగ్గర సున్నా గానీ 9223372036854775807 గానీ కనిపిస్తే అది తేదీ కాదు, గడువే లేదని అర్థం. మార్చబోతే ప్రోగ్రాం ఎర్రర్ కొడుతుంది, లేకపోతే 1601 చూపిస్తుంది. లాస్ట్‌లాగాన్ (చివరి లాగిన్ సమయం) అనే విలువ ఒక డొమైన్ కంట్రోలర్, అంటే లాగిన్లు చూసే సర్వర్ నుంచి ఇంకోదానికి కాపీ అవ్వదు. ఒంగోలు ఆఫీసు సర్వర్ ఒక్కటే చూసి ‘ఈయన మూడు నెలలుగా రావడం లేదు’ అని అకౌంట్ మూసేశావనుకో, ఆయన రోజూ నెల్లూరు బ్రాంచిలో లాగిన్ అవుతూ ఉండొచ్చు. పొద్దున్నే ఆయన సిస్టమ్ తెరుచుకోదు, ఫోన్ నీకే వస్తుంది. అన్ని సర్వర్లనీ అడిగి, వాటిలో పెద్ద విలువ తీసుకోవాలి. ఈ సంగతి నీ అంతట నువ్వు చెప్పగలిగితే తర్వాతి ఇంటర్వ్యూలో నిన్ను చూసే తీరే మారిపోతుంది.

ఇవాళ రాత్రి ల్యాప్‌టాప్ తెరువు. 133485408000000000 ఇచ్చి చూడు. 2024 జనవరి 1 ఉదయం 5:30 రావాలి. అర్ధరాత్రి 12 గంటలని వస్తే నీ లెక్క తప్పు కాదు, అది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక టైమ్. మన టైమ్‌కి అయిదున్నర గంటలు కలుపు. మళ్లీ 2392 వస్తే ఏం తీసేయాలో పైన మీ నాన్నగారికి చెప్పాను, చూడు.