ఖాకీ కాగితం మీద చెరుకుతోట

ప్రశ్న: క్యూబా చిత్రకారుడు విఫ్రెడో లామ్ 'జంగిల్' చూపించి, మా పిల్లలచేత ఖాకీ కాగితం మీద నాలుగడుగుల బొమ్మ వేయించాలని ఉంది. ఆయన గురించి ఏం చెప్పాలి? కిందటిసారి కాగితం గుడ్డకు అతికిస్తే బుడగలొచ్చి అంచులు లేచాయి.
– డ్రాయింగ్ మాస్టరు, ప్రొద్దుటూరు

జవాబు: మాస్టారూ, పేరు చూసి పిల్లలు పులుల్ని గీసేస్తారు. ఆ బొమ్మలో నిలువుగా కిక్కిరిసినవి చెరుకు గడలని ముందే చెప్పండి. క్యూబాలో చెరుకంటే ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసల చాకిరీ. అందుకే అందులో కాలేదో గడేదో తెలియకుండా మనుషులు తోటలో కలిసిపోతారు.

లామ్ 1902లో క్యూబాలోని సాగువా లా గ్రాండెలో పుట్టారు. తండ్రి చైనా నుంచి వలస వచ్చినవాడు, తల్లిది ఆఫ్రికా, స్పెయిన్ కలిసిన వంశం. 1923లో మాడ్రిడ్ వెళ్లారు, 1938లో పారిస్ చేరి పికాసోను కలిశారు. రెండో ప్రపంచయుద్ధం తరుముతుంటే 1941లో ఫ్రాన్స్ రేవు మార్సెయ్‌లో ఓడెక్కి, కరీబియన్ దీవి మార్టినీక్ మీదుగా క్యూబాకు తిరిగొచ్చారు. 1942-43లో ఈ బొమ్మ వేశారు. ఎత్తు 239.4, వెడల్పు 229.9 సెంటీమీటర్లు. కాగితం మీద వేసి కాన్వాస్‌కు అతికించినదే. ఇప్పుడు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఉంది.

ఇక బుడగల సంగతి. పొడి కాగితానికి జిగురు రాయగానే అది తడికి సాగుతుంది, సాగినచోటల్లా ఉబ్బుతుంది. కాబట్టి వెనకవైపు తడిగుడ్డతో తుడిచి ఐదు నిమిషాలు ఆగండి, ముందే సాగనివ్వండి. నూలు గుడ్డను ఉతికి గంజి వదిలించి, చట్రానికి బిగించండి. మైదా ఒక వంతు, నీళ్లు ఆరు వంతులు ఉడికించి, వడగట్టి, చల్లారాక రాయండి. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం చాలు, కానీ అది విషం, పిల్లల చేతికివ్వొద్దు. మధ్య నుంచి అంచులకు అరచేత్తో ఒత్తండి. మన ఎండలో, ఫ్యాను కింద ఆరబెడితే అంచులు ముందు ఎండి లేస్తాయి. నీడలో ఒక రాత్రి ఉంచండి.

ఆయిల్ రంగులు వద్దు. నూనె కాగితంలోకి ఇంకి గీత చుట్టూ మరక కడుతుంది, కొన్నేళ్లకు కాగితం పెళుసెక్కుతుంది. బొగ్గుతో కణుపులు గీయించి, పల్చటి యాక్రిలిక్ పూయించండి.

ప్రశ్న: లామ్ శిల్పాలూ చేశారా?
– పాఠకురాలు, అనంతపురం

జవాబు: చేశారు. ఇటలీలోని అల్బిసోలాలో మట్టిపాత్రల పనిలో దిగారు, కంచు శిల్పాలూ చేశారు. మట్టితో మీరూ ప్రయత్నిస్తే, అనంతపురం పొడిగాలికి పైపొర ముందు ఎండి పగులుతుంది. మూడు రోజులు తడి గోనెపట్ట కప్పి ఉంచండి.